నీలి నెత్తురు

'నెత్తురు' అచ్చతెలుగు మాట. దానికి పర్యాయంగా వాడుకలో స్థిరపడిన 'రక్తం' సంస్కృత పదం. 'రంజ్' ధాతువు నుంచి పుట్టిన ఈ పదానికి తొలి అర్థం 'రంగు పట్టినది' అని. కాలక్రమంలో అది ఎరుపు రంగుకూ, ఆపై దేహంలో ఎర్రగా ప్రవహించే ద్రవానికీ పేరైంది. లోహితం, రుధిరం, శోణితం అనే మాటలు కూడా ఎరుపునే చెబుతాయి. ప్రాచీనుల దృష్టిలో నెత్తురూ ఎరుపూ విడదీయరానివని దీనివల్ల తెలుస్తుంది. అయితే ప్రకృతి నిఘంటువులను చూసి నడుచుకోదు. తొలకరి చినుకులు పడగానే ఆకుల మీదా గోడల మీదా వెండిచార గీస్తూ పాకే నేలనత్త దేహంలో ఎరుపు చుక్క కూడా కనిపించదు. దాని నెత్తురు ప్రాణవాయువుతో కలిసినప్పుడు లేత నీలంగా ఉంటుంది. ప్రాణవాయువును విడిచినప్పుడు ఇంచుమించు నీటివలె వర్ణరహితమవుతుంది. అమరకోశం శివునికి చెప్పిన పేర్లలో 'నీలలోహితుడు' ఒకటి. నీలమూ ఎరుపూ కలిసిన దేహం గలవాడని దానికి వివరణ. 'నీలమైన లోహితం గలది' అని ఆ సమాసాన్ని బహువ్రీహిగా విడదీసి నత్తకు అన్వయించినా వ్యాకరణం ఆక్షేపించదు.

ఈ నీలిమకు మూలం రాగి. మానవ రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌లో ఇనుము ఉన్నట్లే, నత్త రక్తంలో ఆ భారం వహించే ప్రోటీన్‌లో రాగి ఉంటుంది. ఐరోపాలో భోజ్యంగా కూడా పేరొందిన రోమన్ నత్త (శాస్త్రనామం హెలిక్స్ పొమేషియా) రక్తంలో రాగి ఉన్నదని జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ హార్లెస్ 1847లో ప్రకటించాడు. ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోవడం అవసరం. నత్తల చరిత్రలో అది మరొక కారణంగా కూడా తిరిగి వస్తుంది. 1878లో బెల్జియం దేశపు శరీరధర్మ శాస్త్రవేత్త లియాన్ ఫ్రెడరిక్ ఆక్టోపస్ నెత్తురును పరిశీలిస్తూ ఈ నీలి ప్రోటీన్‌కు 'హీమోసయనిన్' అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో 'హైమా' అంటే నెత్తురు, 'కుయనోస్' అంటే నీలం. పేరులో 'సయన్' అనే శబ్దం ఉన్నంత మాత్రాన దీనికీ సయనైడు విషానికీ సంబంధం ఉందని భ్రమపడరాదు. నత్తలన్నిటిలోనూ నీలి నెత్తురే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. కొన్ని మంచినీటి నత్తలు హీమోగ్లోబిన్‌తోనే జీవిస్తాయి; వాటి రక్తం ఎరుపు.

మానవ దేహంలో రక్తం నాళాలను దాటి బయటికి రాదు. గుండె, ధమనులు, కేశనాళికలు, సిరలు అన్నీ కలిసి మూసి ఉన్న ఒక వలయం. నత్తలో ఈ ఏర్పాటు వేరు. ఒక కర్ణిక, ఒక జఠరిక గల దాని చిన్న గుండె రక్తాన్ని ధమనుల ద్వారా ముందుకు నెడుతుంది. అక్కడి నుంచి అది అవయవాల మధ్య ఉండే ఖాళీలలోకి నేరుగా పారి, వాటిని తడుపుతూ, మళ్లీ ఊపిరితిత్తి మీదుగా గుండెకు చేరుతుంది. చేలో కాలువ నీరు మళ్లమీదుగా పారినట్లు అవయవాలన్నీ ఆ ద్రవంలో మునిగి ఉంటాయి. రక్తమూ శోషరసమూ వేర్వేరు కాకుండా ఒక్కటిగా ఉండే ఈ ద్రవాన్ని జీవశాస్త్రజ్ఞులు రక్తలసిక లేదా హీమోలింఫ్ అంటారు. నేలనత్తకు అది ఆహారాన్ని, ప్రాణవాయువును చేరవేసే సాధనం మాత్రమే కాదు. ఎముకలు లేని ఆ దేహానికి బిగువునిచ్చేది కూడా అదే. గుల్లలోకి ముడుచుకున్న నత్త మెల్లగా తల చాచి, కొమ్ములు నిక్కించి, పాదాన్ని పరచగలిగేది ఈ ద్రవపు ఒత్తిడి వల్లనే. కనుక గాయమై నెత్తురు పోతే నత్త ఊపిరితో పాటు కదలికను కూడా కోల్పోతుంది. దాని ఆత్మరక్షణ ఏర్పాట్లు ఎంత పట్టుదలగా ఉంటాయో అర్థం చేసుకోవడానికి ఈ సంగతి ముందుగా తెలియాలి.

హీమోసయనిన్ అణువు నిర్మాణం అసాధారణమైనది. మానవ హీమోగ్లోబిన్ అణుభారం సుమారు 64,500 డాల్టన్లు; అది ఒకేసారి 4 ఆక్సిజన్ అణువులను మోస్తుంది. నత్త హీమోసయనిన్ అణుభారం 80 లక్షల డాల్టన్లకు మించుతుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అది లోపల బోలుగా ఉండే ఒక స్తంభంలా కనిపిస్తుంది. దాని వ్యాసం సుమారు 35 నానోమీటర్లు. 20 పొడవైన ప్రోటీన్ గొలుసులు కలిసి ఈ స్తంభాన్ని నిర్మిస్తాయి. ఒక్కొక్క గొలుసులో పూసల్లా 8 భాగాలుంటాయి. ఒక్కొక్క భాగంలో రెండేసి రాగి పరమాణువులు పక్కపక్కనే అమరి, వాటి నడుమ ఒక ఆక్సిజన్ అణువును పట్టుకుంటాయి. ఆ లెక్కన ఒక పూర్తి స్తంభం 160 ఆక్సిజన్ అణువులను మోయగలదు. ఆక్సిజన్ చేరగానే రాగి రసాయన స్థితి మారి నీలం పుడుతుంది. అది విడిపోగానే నీలం మాయమవుతుంది.

ఇంత పెద్ద అణువు ఎందుకనే ప్రశ్న సహజం. మానవులలో హీమోగ్లోబిన్ ఎర్ర రక్తకణాల లోపల భద్రంగా ఉంటుంది. నత్తకు ఎర్ర కణాలు లేవు. హీమోసయనిన్ ద్రవంలోనే నేరుగా కరిగి తేలుతుంది. ద్రవాభిసరణ పీడనం కరిగిన రేణువుల సంఖ్యపై ఆధారపడుతుంది కాని వాటి పరిమాణంపై కాదు. అవే 160 భాగాలు విడివిడిగా కరిగి ఉంటే పీడనం విపరీతంగా పెరిగేది. వాటిని ఒకే అణువుగా కూర్చడం వల్ల రేణువుల సంఖ్య తగ్గింది, మోసే శక్తి మాత్రం తగ్గలేదు. 160 మంది 160 సైకిళ్లపై రోడ్డును నింపేకంటే రెండు మూడు బస్సుల్లో వెళ్లడం మేలు కదా.

ఈ నత్త ప్రోటీన్ రసాయన శాస్త్రంలోని ఒక పెద్ద వివాదాన్ని తీర్చడానికి తోడ్పడింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో ప్రోటీన్లంటే నిర్దిష్టమైన అణువులని అందరూ అంగీకరించేవారు కాదు. చిన్న చిన్న పదార్థాలు జిగురులా అతుక్కుని ఏర్పడిన, ఒక కొలత అంటూ లేని ముద్దలు మాత్రమే అవి అని భావించినవారు అనేకులు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో థియొడోర్ స్వెడ్‌బర్గ్ అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే యంత్రాన్ని రూపొందించాడు. అది ద్రావణాన్ని అతివేగంగా తిప్పి, అందులోని రేణువులను వాటి భారాన్ని బట్టి అడుగుకు దించుతుంది. 1926లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ యంత్రంలో రోమన్ నత్త హీమోసయనిన్‌ను తిప్పినప్పుడు పదునైన గీత గీసినట్లుగా నీలి హద్దు ఒకటి ఏర్పడి, క్రమంగా కిందికి జరిగింది. రేణువులు రకరకాల పరిమాణాల్లో ఉంటే హద్దు చెదిరిపోవాలి. అది చెదరలేదంటే రేణువులన్నీ ఒకే భారం గలవని అర్థం. 1928లో స్వెడ్‌బర్గ్, చిర్నోగా ప్రకటించిన తొలి అంచనా సుమారు 50 లక్షలు. తరువాతి కొలతలు దానిని ఇంకా పెంచాయి. అంకె మారినా సారాంశం నిలిచింది. జీవశాస్త్ర విద్యార్థులు రైబోజోముల విషయంలో 70ఎస్, 80ఎస్ అని చదివే కొలమానంలోని 'ఎస్' ఆ స్వెడ్‌బర్గ్ పేరే.

రాగి ప్రాణాధారమే కాని మోతాదు మించితే ప్రాణాంతకం. రైతులు వాడే మైలుతుత్తం రాగి లవణమే. దానితో సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమాన్ని చెట్ల మొదళ్లకు పూస్తే నత్తలు ఎక్కడానికి వెనుకాడతాయి. బయట తనను తరిమే లోహాన్నే నత్త లోపల జాగ్రత్తగా దాచుకుంటుంది. ఈ పని కోసం దానికి ప్రత్యేకమైన ప్రోటీన్ ఉన్నదని ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయానికి చెందిన రైన్‌హార్డ్ డాలింగర్, ఆయన సహచరులు 1997లో తెలిపారు. రోమన్ నత్తలో మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి విషలోహమైన కాడ్మియంను పట్టి బంధిస్తుంది. రెండవది రాగిని మాత్రమే స్వీకరించి, హీమోసయనిన్ తయారీకి సిద్ధంగా ఉంచుతుంది. హీమోసయనిన్ తయారయ్యే కణాలను రోగోసైట్లు అంటారు. ఈ పేరులోని 'రోగ' శబ్దానికి జబ్బుతో నిమిత్తం లేదు. అది చీలిక అనే అర్థం గల గ్రీకు పదం. ఆ కణాల పొర మీద సన్నని చీలికలుంటాయి.

ఇక శత్రువుల మాట. నత్త నివాసం తడి నేల. కుళ్లిన ఆకులు, పేడ, బురద దాని లోకం. బాక్టీరియా, బూజులు, సూక్ష్మమైన పురుగులు అక్కడ కోట్లకొలదిగా ఉంటాయి. కవచమైన గుల్ల వీపును కాపాడుతుంది కాని పాకే పాదం ఎల్లప్పుడూ నేలకు అంటుకునే ఉంటుంది. అక్కడ తొలి రక్షణ శ్లేష్మానిది. జారుడు కోసమే నత్త జిగురు స్రవిస్తుందని చూపరులు అనుకుంటారు. ఆఫ్రికాకు చెందిన పెద్ద నత్త శ్లేష్మం నుంచి బాక్టీరియాను చంపే ఒక ప్రోటీన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1985లో వేరుచేశారు. తరువాత దానికి 'అకసిన్' అని పేరు వచ్చింది. అది అమైనో ఆమ్లాలపై చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. గాయాలు కడగడానికి వాడే ద్రావణంలోని రసాయనాన్నే నత్త తన పాదం కింద తాను తయారుచేసుకుంటున్నదన్నమాట.

ఆ హద్దు దాటి సూక్ష్మజీవి లోపలికి ప్రవేశిస్తే రక్తకణాల వంతు వస్తుంది. వీటిని హీమోసైట్లు అంటారు. ఇవి ఆకారం మార్చుకుంటూ, పాదాలవంటి పొడుగులు చాస్తూ కదులుతాయి. ఎదురైన బాక్టీరియాను చుట్టుముట్టి లోపలికి లాక్కుని జీర్ణించుకుంటాయి. ఈ కణభక్షణ విధానాన్ని మానవజాతి తొలిసారిగా చూసినది వెన్నెముక లేని ప్రాణులలోనే. నత్తలకు బంధువైన ఒక సముద్రజీవి రక్తకణాలు నీలిమందు రేణువులను మింగడాన్ని ఎర్నెస్ట్ హెకెల్ 1862లో వర్ణించాడు. దాని అంతరార్థం అప్పుడు ఎవరికీ స్ఫురించలేదు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప డింభకంలో ముల్లు గుచ్చి, కణాలు దాని చుట్టూ మూగడం చూసి, ఇది దేహరక్షణ చర్య అని గ్రహించాడు. ఆయనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. చూడటం వేరు, గుర్తించడం వేరు.

గాయమైనప్పుడు కూడా నత్తకు దిక్కు ఈ కణాలే. మానవ రక్తంలో ఫైబ్రినోజెన్ దారాలుగా మారి గడ్డకడుతుంది. నేలనత్త రక్తద్రవం ఆ విధంగా గడ్డకట్టదు. ముందు కండరాలు ముడుచుకుని గాయపు నోటిని మూస్తాయి. ఆపై హీమోసైట్లు ఒకదానికొకటి అతుక్కుని బిరడాలా అడ్డుపడతాయి. ఒక్క కణం మింగలేనంత పెద్ద శత్రువు వస్తే కణాలు పొరలు పొరలుగా దానిని కప్పి ఊపిరాడకుండా చేస్తాయి. అవసరమైతే మరొక తెగింపు కూడా ఉంది. కణాలు తమలోని డీఎన్ఏను బయటికి విసిరి, ఆ పోగులతో వల పన్నుతాయి. పరాన్నజీవుల డింభకాలు ఆ వలలో చిక్కడాన్ని 2017లో జర్మనీ పరిశోధకులు కొన్ని నేలనత్తలలోనూ గుల్లలేని నత్తలలోనూ చూపారు. వంశసూత్రాన్నే ఉరితాడుగా మార్చిన కణం ఆ పోరులో తానూ మిగలకపోవచ్చు.

ఇంత ఉన్నా నత్తకు లేనిది ఒకటుంది. అది ప్రతిరక్షకాల వ్యవస్థ. మనిషికి ఒకసారి తట్టు సోకితే దేహం ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకుని, దానికి మాత్రమే సరిపోయే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. టీకాల ఫలితం ఈ జ్ఞాపకం మీదనే ఆధారపడి ఉంది. నత్తలో ప్రతిరక్షకాలూ లేవు, వాటిని తయారుచేసే లింఫోసైట్లూ లేవు. మరి మిత్రుడెవరో శత్రువెవరో అది ఎలా పోల్చుకుంటుంది? జవాబు చక్కెరలలో ఉంది. ప్రతి జీవకణం ఉపరితలం మీద చక్కెర అణువులు కొమ్మలు కొమ్మలుగా అమరి ఉంటాయి. బాక్టీరియా కొమ్మలు వేరు, నత్త కొమ్మలు వేరు. ఒక్కొక్క రకపు చక్కెర కొమ్మను గుర్తించి పట్టుకునే ప్రోటీన్లను లెక్టిన్లు అంటారు. విలియం బాయిడ్ 1954లో వాటికి ఆ పేరు పెట్టాడు. 'ఏరుకొను' అనే అర్థం గల లాటిన్ క్రియ నుంచి ఆ పదం వచ్చింది. లెక్టిన్ ఒకేసారి అనేక చోట్ల పట్టు వేయగలదు కనుక సూక్ష్మజీవులు గుత్తులుగా అతుక్కుపోతాయి. వాటిని మింగడం రక్తకణాలకు సులభమవుతుంది.

నత్త లెక్టిన్లు మానవులకు పరిచయమైనది విచిత్రమైన మార్గంలో. బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో న్యాయవైద్య శాస్త్రజ్ఞుడైన ఒట్టో ప్రొకోప్, ఆయన సహచరులు 1965లో తోటనత్త సారం మానవ రక్తంలోని ఎ గ్రూపు కణాలను గుత్తులు కట్టిస్తున్నదని ప్రకటించారు. బి, ఓ గ్రూపుల కణాలు మాత్రం విడివిడిగానే ఉండిపోతాయి. రోమన్ నత్తలోనూ అటువంటి పదార్థమే దొరికింది. ఎ గ్రూపు కణాల చక్కెర కొమ్మ చివర ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్ అనే అణువు ఉంటుంది. నత్త లెక్టిన్ పట్టేది దానినే. నేరం జరిగిన చోట దొరికిన మరకలను బట్టి రక్తవర్గాన్ని పోల్చే పరీక్షలకు ఇది ఉపకరించింది. నత్తకు మానవుల రక్తవర్గాలతో పని ఏమిటి? ఏమీ లేదు. ఈ లెక్టిన్ దాని రక్తంలో కాక అల్బుమిన్ గ్రంథిలో తయారై గుడ్ల చుట్టూ ఉండే పోషకద్రవంలో చేరుతుంది. రోమన్ నత్త నేలలో గుంత తీసి, అందులో గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. వారాల తరబడి ఆ గుడ్లు మట్టిలోని బాక్టీరియా నడుమ ఒంటరిగా ఉండాలి. కొన్ని బాక్టీరియాల పైపొరలో కూడా అదే చక్కెర ఉంది. తల్లి వెంట లేకపోయినా తల్లి అమర్చిన కావలి గుడ్డు వెంట ఉంటుంది. ఆ కావలివాడు మనిషి నెత్తురును కూడా పోల్చగలగడం యాదృచ్ఛికం. రొమ్ము క్యాన్సర్ కణాలలో ఈ లెక్టిన్‌కు అంటుకునేవి శోషగ్రంథులకు వ్యాపించే అవకాశం ఎక్కువని 1991లో బ్రిటన్ పరిశోధకులు గుర్తించిన తరువాత ఆ యాదృచ్ఛికత విలువ మరింత పెరిగింది.

1847వ సంవత్సరం ఇక్కడ మళ్లీ ప్రస్తావనకు వస్తుంది. హార్లెస్ నత్త రక్తంలో రాగిని ప్రకటించిన ఆ ఏడే, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, నత్తల శాస్త్రంలో నిపుణుడు అయిన విలియం హెన్రీ బెన్సన్ మారిషస్ నుంచి కొన్ని పెద్ద నత్తలను కలకత్తాకు తెచ్చి, చౌరంగీలోని ఒక మిత్రుని తోటలో వదిలాడు. తూర్పు ఆఫ్రికాకు చెందిన ఆ జాతిని చాలాకాలం అకటినా ఫులికా అన్నారు. ప్రస్తుత నామం లిస్సకటినా ఫులికా. పెద్ద నత్త గుల్ల 20 సెంటీమీటర్ల వరకు పెరగవచ్చు. ఒకే దేహంలో స్త్రీ పురుష అవయవాలు రెండూ ఉండి, ఒక్కో విడతలో వందకు పైగా గుడ్లు పెట్టగల ఆ జీవి దేశంలో అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ కోస్తా తోటలలో వానాకాలపు రాత్రులు బొప్పాయి, అరటి, కూరగాయల మొక్కలను కొరికివేసే పెద్ద నత్త ఇదే. ఎండలు ముదిరినప్పుడు గుల్ల నోటికి పొర కట్టుకుని నిద్రపోయి, తొలి వానకు లేచి వస్తుంది కనుక దానిని నిర్మూలించడం కష్టసాధ్యం. ఒక విద్వాంసుని సరదాకు రైతులు ఇప్పటికీ మూల్యం చెల్లిస్తున్నారనడం కఠినమే అయినా సత్యదూరం కాదు.

అదే కలకత్తా నగరంలో, 140 ఏళ్ల తరువాత, ఆ నత్త నెత్తురు నుంచే ఒక మేలు పుట్టింది. భారతీయ రసాయన జీవశాస్త్ర సంస్థకు చెందిన చిత్రా మండల్, ఆమె సహపరిశోధకులు 1987లో దాని రక్తలసికలో సియాలిక్ ఆమ్లాన్ని పట్టే 'అకటినిన్-హెచ్' అనే లెక్టిన్‌ను వివరించారు. సియాలిక్ ఆమ్లం కూడా చక్కెర కుటుంబానికి చెందినదే. అందులోని తొమ్మిదవ కర్బన స్థానంలో ఎసిటైల్ సమూహం చేరి ఉన్న రూపాన్ని ఈ లెక్టిన్ ప్రత్యేకంగా గుర్తిస్తుంది. పిల్లలకు వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్తక్యాన్సర్‌లో జబ్బు కణాల మీద ఈ రూపం అధికంగా ఉంటుందని ఆ బృందం తరువాతి పరిశోధనలలో తేలింది. చికిత్స ఫలించినప్పుడు ఆ గుర్తు తగ్గుతుంది. వ్యాధి తిరగబెడితే మళ్లీ పెరుగుతుంది. బిడ్డ దేహంలో ఇంకా మిగిలి ఉన్న కొద్దిపాటి జబ్బు కణాలను వెతకడం ఈ వ్యాధి చికిత్సలో అత్యంత క్లిష్టమైన పని. ఆ వెతుకులాటలో నత్త ప్రోటీన్ పరిశోధకుల చేతికి ఒక దీపమైంది. దీనిని బట్టి నత్తమాంసం తింటే క్యాన్సర్ నయమవుతుందని ఊహించడం తగదు. లెక్టిన్ ఇక్కడ గుర్తించే సాధనమే కాని ఔషధం కాదు; తిన్న ప్రోటీన్ కడుపులో జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది.

ప్రతిరక్షకాలు లేని జీవికి జ్ఞాపకం ఉండదని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం ఇటీవల కొంత సడలింది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలో షిస్టోసోమియాసిస్ వ్యాధిని మోసే బయోంఫలేరియా అనే మంచినీటి నత్త, నేలనత్తలకు దగ్గరి బంధువు. పరాన్నజీవి సోకినప్పుడు ఫైబ్రినోజెన్‌ను పోలిన భాగం గల కొన్ని ప్రోటీన్లు దాని రక్తంలో పుట్టుకొచ్చి, ఆ పరాన్నజీవి పదార్థాలను పట్టి అవక్షేపిస్తాయని 1997లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒకే జాతి నత్తలలోనూ ఈ ప్రోటీన్లు అనేక రూపాలలో ఉంటాయని 2004లో తెలిసింది. ఒకసారి సోకి బతికిన నత్తలో రెండవసారి అదే పరాన్నజీవి ప్రవేశిస్తే ప్రతిస్పందన తీరు మారుతుందని 2016లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపారు. మొదటిసారి కణాలు చుట్టుముట్టి పోరాడితే, రెండవసారి ద్రవంలోని ప్రోటీన్లే ముందుగా పని ముగిస్తాయి. మానవ దేహపు జ్ఞాపకంతో ఇది సమానం కాదు. కాని మరపు మాత్రం కాదు.

ఈ రక్షణ అంతా ఉన్నా ఓటమి లేకపోలేదు. 1935లో చైనాలోని కాంటన్ ఎలుకలలో కనుగొన్న ఒక సన్నని పురుగు ఎలుక ఊపిరితిత్తుల ధమనులలో పెరుగుతుంది. దాని డింభకాలు ఎలుక మలంతో బయటపడి నత్త దేహంలోకి చేరతాయి. నత్త రక్తకణాలు వాటి చుట్టూ మూగి గోడ కడతాయి. అయినా అనేక డింభకాలు ఆ గోడ లోపలే సజీవంగా ఉండి, ఎలుకకు సోకగల దశకు ఎదుగుతాయి. సరిగా ఉడకని నత్తమాంసం ద్వారా గాని, నత్తలు పాకిన ఆకుకూరలను కడగకుండా తినడం ద్వారా గాని అవి మనిషికి చేరితే మెదడు పొరల వాపు రావచ్చు. తోటలలో ఆఫ్రికా నత్తలను ఒట్టిచేతులతో ఏరరాదని వ్యవసాయ శాస్త్రవేత్తలు హెచ్చరించేది ఇందుకే.

పురుగులతో పోరులో నేలనత్తకు మరొక ఆయుధం ఉన్నదని 2017లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబీ రే వెల్లడించాడు. అది గుల్లే. దేహంలోకి చొరబడిన పురుగు గుల్ల లోపలి వైపుకు చేరినప్పుడు, అక్కడి కణాలు దాని చర్మానికి అతుక్కుని, ఒళ్లంతా ఆక్రమించి, దానిని గుల్ల లోపలి గోడకు అంటించివేస్తాయి. పురుగు అక్కడే సమాధి అవుతుంది. ఇంటిగోడే కారాగారమూ శ్మశానమూ అవుతుంది. ఆయన బ్రిటన్ తోటలలోని నత్తలను పరిశీలించడంతో ఆగక, గుల్లల పాత సేకరణలను కూడా వెతికాడు. ఎప్పుడో మరణించిన నత్తల గుల్లల లోపలి గోడలలో, వందల ఏళ్ల కిందట చిక్కుకున్న పురుగులు చిక్కిన చోటనే, వంకర తిరిగిన సన్నని గీతల్లా మిగిలి ఉన్నాయి.